గూఢచారి ప్రణయ నవల (బ్రిటన్)

చారిత్రక ప్రేమకథకు గూఢచర్యాన్నీ హాస్యాన్నీ జోడించిన నవలా శాఖ. బారనెస్ ఆర్జీ రాసిన 'ది స్కార్లెట్ పింపర్నెల్' (1905) దీనికి దారి వేసింది. పైకి షోకిల్లారాయుడిలా తిరిగే సర్ పెర్సీ, ఫ్రెంచి విప్లవకాలంలో గిలొటిన్‌కు బలి కావలసినవారిని రహస్యంగా ఇంగ్లండ్ చేరుస్తాడు. ఆ సంగతి కట్టుకున్న భార్యకే తెలియదు.

నవ్వు పాలు పెంచింది జార్జెట్ హేయర్ (1902–1974). 'ది రిలక్టెంట్ విడో' (1946)లో ఎలినార్ ఉద్యోగానికని బయలుదేరి, పొరపాటున వేరే బండి ఎక్కుతుంది. తెల్లారేసరికి ముక్కూమొహం తెలియని తాగుబోతుకు భార్య, ఆ వెంటనే విధవ! చనిపోయిన ఆ భర్త ఇంట్లో దాచిన యుద్ధ రహస్య పత్రం కోసం రాత్రివేళ మనుషులు చొరబడుతుంటే, ఆమె భయపడేదానికన్నా విసుక్కునేదే ఎక్కువ. ఆకర్షణంతా ఆ మాటకారితనంలోనే ఉంది. పత్రం దొరకడం రెండో సంగతి.

హేయర్ పుట్టిన వింబుల్డన్ ఇంటికి 2015లో ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ నీలి ఫలకం అమర్చింది.