ఎవరిని చంపరాదన్న ప్రశ్న

క్రీ.శ. 658లో ఇరాక్‌లోని నహ్రవాన్ ప్రాంతంలో జరిగినట్లు అరబ్బు చరిత్రకారులు ఒక ఘట్టం చెబుతారు. ఖలీఫా అలీ పక్షం నుంచి విడిపోయిన ఒక దళం దారిలో అబ్దుల్లా ఇబ్న్ ఖబ్బాబ్ అనే వ్యక్తినీ, నిండు చూలాలైన అతని భార్యనూ పట్టుకుంది. వారిని తీసుకుపోతుండగా చెట్టు నుంచి రాలిన ఖర్జూరపు పండును దళంలో ఒకడు నోట వేసుకున్నాడు. యజమాని అనుమతి లేదు, వెల చెల్లించలేదు అని తోటివాడు మందలించగా వెంటనే ఉమ్మివేశాడు. ఇంకొకడు ఎదురుపడిన పందిని నరికాడు. దాని యజమానికి పరిహారమిచ్చి సమాధానపరిచారు. ఆ తరువాత ఆ దంపతులిద్దరినీ చంపారు. ఇబ్న్ ఖబ్బాబ్ చేసిన నేరం అలీని తప్పుబట్టకపోవడం.

ఈ కథ గగుర్పాటు కలిగించేది అందులోని నిష్ఠ వల్లనే. పరుల సొమ్ము ముట్టనంతటి ధర్మభీరువులు గర్భిణిని చంపడానికి వెనుకాడలేదు. వారి తర్కం సూటిగా ఉంది: తీర్పు దేవునిదే, మహాపాపం చేసినవాడు ముస్లిము కాడు, ముస్లిము కానివాని ప్రాణానికి రక్షణ లేదు. 657లో సిఫ్ఫీన్ యుద్ధం నడుమ అలీ మధ్యవర్తుల తీర్పుకు అంగీకరించడమే మహాపాపమని వారు భావించారు. అలా వేరుపడినవారికి ఖారిజీలు, అంటే బయటికి వెళ్లినవారు, అని పేరు వచ్చింది. నహ్రవాన్‌లో అలీ వారిని ఓడించాడు. 661లో వారిలో ఒకడైన ఇబ్న్ ముల్జమ్ చేతనే కూఫాలో హతుడయ్యాడు.

ప్రాణం విలువైనదని చెప్పని సమాజం లేదు. వధార్హుల జాబితాను ప్రతి సమాజమూ ఎక్కడో ఒకచోట ఆపవలసి వస్తుంది. ఎక్కడ ఆపాలన్న వాదం ఖారిజీల మధ్యనే తలెత్తింది. ఒమాన్ ధార్మిక చరిత్రకు ఆ వాదమే మొదలు.

నహ్రవాన్ నుంచి ప్రాణాలతో బయటపడిన అబూ బిలాల్ మిర్దాస్ బస్రాలో నివసించాడు. 680 ప్రాంతంలో, పాలకుల దౌర్జన్యం సహించలేక నలభై మందితో నగరం విడిచినప్పుడు, తమపై కత్తి ఎత్తినవారితో తప్ప ఎవరితోనూ పోరాడబోమని ప్రకటించాడు. 684లో నాఫీ ఇబ్న్ అల్-అజ్రఖ్ దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి పట్టాడు. తమతో కలిసి రాని ముస్లిములందరూ అవిశ్వాసులేననీ, స్త్రీలనూ పిల్లలనూ సైతం చంపవచ్చుననీ అతని వర్గం ప్రకటించింది. ఎదురైన వారిని మత విశ్వాసం అడిగి, జవాబు నచ్చకపోతే చంపడం వారి రివాజు. బస్రాలోనే ఉండిపోయిన మితవాదులు దీనిని తిరస్కరించారు. వారిలో అబ్దుల్లా ఇబ్న్ ఇబాద్ పేరు మీదుగా ఇబాదీలు అన్న మాట ఏర్పడింది. ఆ శాఖకు శాస్త్రపునాది వేసిన పండితుడు జాబిర్ ఇబ్న్ జైద్. ఒమాన్‌లోని నిజ్వా ప్రాంతంవాడు, ఇబ్న్ అబ్బాస్ శిష్యుడు.

ఇబాదీలు తమతో విభేదించే ముస్లిములను తక్కువగా ఏమీ విమర్శించలేదు. వారినీ 'కుఫ్ర్' అనే మాటతోనే నిందించారు. అయితే ఆ మాటను రెండుగా విడదీశారు. ఒకటి బహుదేవారాధన, రెండవది దేవుని అనుగ్రహం పట్ల కృతఘ్నత. ఇతర ముస్లిములు రెండవ కోవకు చెందినవారు గనుక వారితో వివాహ సంబంధమూ, వారసత్వమూ చెల్లుతాయి. యుద్ధం వచ్చినా పారిపోయేవానిని తరమరాదు, గాయపడినవానిని చంపరాదు, ఆస్తిని దోచరాదు, ఆలుబిడ్డలను బానిసలుగా పట్టరాదు. తప్పు చేసినవానిని మనస్సులో దూరం పెట్టడం విధి. అతని నడవడి తెలియనప్పుడు తీర్పు చెప్పక ఆగడం కూడా విధే. ఒక మనిషిని దోషి అనడానికీ, అతని ప్రాణం తీయడానికీ మధ్య వారు నిలిపిన దూరం ఇది. వాలరీ హాఫ్‌మన్ 2012లో వెలువరించిన ఇబాదీ సిద్ధాంత గ్రంథం చదివినవారికి ఈ సూక్ష్మభేదాల వెనుక ఉన్న శ్రమ తెలుస్తుంది.

సిద్ధాంతం అధికారంలోకి వచ్చినప్పుడే దానికి పరీక్ష. ఒమాన్ తొలి ఇమాము జులందా ఇబ్న్ మసూద్ కాలంలో షైబాన్ అనే మరో ఖారిజీ నాయకుడు అక్కడ యుద్ధంలో మరణించాడు. అతనిని వెంటాడుతూ వచ్చిన అబ్బాసీ సేనాని ఆ మృతుని కత్తినీ, ఉంగరాన్నీ అప్పగించి ఖలీఫాకు విధేయత ప్రకటించమన్నాడు. చచ్చిన శత్రువు వస్తువులు అతని వారసులవి కదా అన్న ధర్మసందేహం ఇమాము సభలో చర్చకు వచ్చిందని ఒమానీ సంప్రదాయం. విధేయతకు ఒప్పుకోని జులందా 752లో యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు. 9వ శతాబ్దంలో సొకోత్రా ద్వీపానికి సైన్యాన్ని పంపుతూ ఇమాము సల్త్ ఇబ్న్ మాలిక్ ఇచ్చిన ఆదేశపత్రం కూడా యుద్ధంలో ఎవరి జోలికి పోరాదో చెప్పేదే.

హత్య జరిగిపోయాక ఏమిటన్నది తరువాతి ప్రశ్న. తెలుగు పాఠకుడికి ఇక్కడ అశ్వత్థామ గుర్తుకు రాక మానడు. నిద్రలో ఉన్నవారిని చంపి, ఉత్తర గర్భాన్ని గురిచేసిన వాడతడు. భారత సౌప్తిక పర్వంలో ద్రౌపది అతని మరణం కోరుతుంది. పోతన భాగవతంలోని ద్రౌపది, తనలా అతని తల్లి కూడా ఏడవకూడదని విడిపించమంటుంది. ఇస్లామీయ న్యాయం ఈ రెండు దారులనూ హతుని వారసుల చేతిలోనే పెట్టింది: ప్రతీకారం కోరవచ్చు, రక్తధనం స్వీకరించవచ్చు, క్షమించనూ వచ్చు. నేటి ఒమాన్‌లో మరణశిక్ష ఉంది. సుల్తాను ఆమోదం లేనిదే అమలు కాదు. వారసుల క్షమకు చోటుంది. పొరుగున దుబాయిలో ఒక నేపాలీ కావలివాని హత్య కేసులో దాదాపు 18 ఏళ్లు జైలులో గడిపిన సిరిసిల్ల ప్రాంతపు కార్మికులు 2024లో ఇల్లు చేరారు. మృతుని కుటుంబం పరిహారం స్వీకరించి ఇచ్చిన క్షమాపత్రం ఆ దారి తెరిచింది. క్షమించినదీ, క్షమ పొందినదీ వలసబతుకులే.

ఇంతటి న్యాయచింతనకూ ఒక అంచు ఉంది. ఆలుబిడ్డలను బానిసలుగా పట్టరాదన్న నియమం ముస్లిములకే వర్తించింది. ఆ గీతకు ఆవలివారికి కాదు. సయ్యిద్ సయీద్ తన రాజధానిని జాంజిబార్‌కు మార్చిన 19వ శతాబ్దంలో తూర్పు ఆఫ్రికా మనుషులు ఒమానీ నౌకలలో సరుకుగా ప్రయాణించారు. జాంజిబార్ బానిసల సంత 1873లో బ్రిటిష్ ఒత్తిడితో మూతపడింది. ఒమాన్‌లో బానిసత్వం రద్దయినది 1970లో, సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కిన తరువాత. ఆ నడిమి కాలంలో ఒమాన్ ఖర్జూరాలు అమెరికా విపణికి వెళ్లాయనీ, ఆ తోటల చాకిరీలో ఆఫ్రికా బానిసల పాలు పెద్దదనీ చరిత్రకారుడు మాథ్యూ హాపర్ 2015 నాటి గ్రంథంలో చూపాడు.

ఆ తోటలలో వెల చెల్లించకుండా తెచ్చినదేదీ లేదు. పండుకూ వెల ఉంది, పండు కోసే మనిషికీ వెల ఉంది. నహ్రవాన్ దారిలో రాలిన పండును ఉమ్మివేయించిన మనస్సాక్షి, ఆ రెండవ వెలను కూడా ఉమ్మివేయడానికి పదమూడు శతాబ్దాలు పట్టింది.