భారతదేశంలో కాన్పుల తగ్గుదల: ఎడం కంటే ముందు ముగింపు

ఒక దేశంలోని స్త్రీలు సగటున ఎందరు బిడ్డలను కంటున్నారో చెప్పడానికి జనాభా శాస్త్రజ్ఞులు మొత్తం సంతానోత్పత్తి రేటు అనే కొలమానాన్ని వాడతారు. ఒక స్త్రీ 15వ ఏట నుంచి 49వ ఏట దాకా, ఆయా వయసుల్లో ప్రస్తుతం నమోదవుతున్న జననాల లెక్క ప్రకారమే కంటూ పోతే ఆమెకు కలగగల బిడ్డల సంఖ్య అది. భారతదేశంలో 1950ల ఆరంభంలో ఆరుకు దగ్గరగా ఉన్న ఈ రేటు, 2019-21 నాటి అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చేసరికి 2.0కు దిగి, ఒక తరాన్ని తరువాతి తరం సరిగ్గా భర్తీ చేయడానికి కావలసిన 2.1 అనే పునఃస్థాపన స్థాయిని దాటి కిందికి వెళ్లింది. ఈ దిగుదల ఏ దారిన జరిగిందో మాత్రం సగటు అంకె చెప్పదు.

బాల్యవివాహాలు సర్వసాధారణమైన పాత సమాజంలో సగటు ఆరు దగ్గరే నిలవడం మొదట వింతగా తోచవచ్చు. ఏళ్ల తరబడి చనుబాలివ్వడం వల్ల కాన్పుల మధ్య ఎడం పెరిగేది. భర్త చిన్న వయసులోనే పోయి, కులాచారం మారుమనువును ఒప్పుకోని చోట స్త్రీ సంతానయోగ్య కాలం అర్ధంతరంగా ముగిసేది. మరణాలూ అంతే ఎక్కువ కావడంతో, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా తరువాత జరిగిన 1921 జనగణనలో దేశ జనాభా 1911 కంటే తక్కువగా తేలింది. బాలికల వివాహ వయసును 14 ఏళ్లుగా నిర్ణయించిన 1929 నాటి శారదా చట్టం కాగితం మీద ఉన్నంతగా ఊళ్లలో అమలు కాలేదు.

1951 జనగణన కమిషనర్ ఆర్.ఎ. గోపాలస్వామి, అప్పటికే ముగ్గురిని లేదా అంతకు మించి కని, వారిలో ఒక్కరైనా బతికి ఉన్న తల్లికి మళ్లీ కలిగే కాన్పును ముందుచూపు లేని మాతృత్వంగా లెక్కగట్టాడు. తల్లి వయసును, కాన్పుల ఎడాన్ని పక్కకు నెట్టి సంఖ్యనే సమస్యగా చూసే ఈ దృష్టి, 1952లో మొదలైన ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమాన్ని దశాబ్దాల పాటు వదలలేదు. సంఖ్యకు గీత గీయడానికి పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌ను మించిన సాధనం లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976-77లో, 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరగగా వాటిలో ముప్పాతిక వంతు పురుషులకు చేసిన వేసెక్టమీలే. బలవంతం మీద రేగిన ఆగ్రహం 1977 ఎన్నికల్లో బయటపడ్డాక ఏ ప్రభుత్వమూ మగవాళ్ల జోలికి గట్టిగా వెళ్లలేదు; భారం మొత్తం స్త్రీల మీదికి, ట్యూబెక్టమీ శిబిరాల మీదికి మళ్లింది.

ఈ మళ్లింపు ఫలితం అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది ఆంధ్రప్రదేశ్‌లోనే. కేరళలో కాన్పుల తగ్గుదలకు స్త్రీల చదువును కారణంగా చూపడం పరిపాటి. 1991లో అక్కడి స్త్రీ అక్షరాస్యత 86 శాతం. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో అది 33 శాతం, అంటే దేశ సగటు 39 కంటే కూడా తక్కువ. అయినా 1992-93లో 2.6గా ఉన్న ఉమ్మడి రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 2005-06 నాటికి 1.8కి చేరింది. కూలిపనుల్లో స్త్రీల పాలు ఎక్కువ కావడం, స్వయం సహాయక సంఘాలు, పిల్లల చదువు మీద పెరిగిన ఆశ వంటి కారణాలు చెబుతారు. వాటికి పాత్ర లేదనలేము గాని, అందుబాటులో ఉన్న పద్ధతి దాదాపు ఒక్కటే అన్న సంగతి వాటికన్నా బరువైనది. పద్దెనిమిది నిండీ నిండకుండా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఇరవై అయిదేళ్లు దాటకుండానే పిల్లల ఆపరేషన్ అనే క్రమం లక్షల కుటుంబాల్లో మామూలైపోయింది. అయిదో సర్వేలో ఆంధ్రప్రదేశ్ వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద స్త్రీల ఆపరేషన్లు 38 శాతం కాగా, పురుషులవి 0.3 శాతం. సంతానోత్పత్తి రేటులో కేరళతో దాదాపు సమానమైన అంకె వెనుక, తల్లి ఆరోగ్యం దృష్ట్యా చూస్తే, పూర్తిగా వేరైన జీవితం ఉంది.

ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికలకు అనర్హులను చేసిన 1994 నాటి పంచాయతీరాజ్ చట్ట నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024లో తొలగించింది. వృద్ధుల వాటా పెరగడమే కాక, 1971 జనాభా లెక్కల మీద స్తంభింపజేసిన లోక్‌సభ స్థానాల పునర్విభజన దగ్గరపడి, జనాభా తగ్గితే స్థానాల వాటా తగ్గుతుందన్న భయం కూడా జననాలను ప్రోత్సహించాలన్న ఆలోచనను తొందరపెట్టింది. ఎక్కువమందిని కనమనే కొత్త పిలుపు ఇప్పటికే ఆపరేషన్ అయిన స్త్రీలకు చెందదు. అది చేరవలసిన యువతులు తమ తల్లుల కంటే ఎక్కువ చదువుకుని, ఆలస్యంగా పెళ్లాడుతున్నవారు.