క్లెయిమ్ చేసిన ఇంటికి మళ్లీ బీమా: పాతబస్తీ ముంపు కాలనీల నుంచి ఊరి దళితవాడల దాకా

2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు హైదరాబాద్ పాతబస్తీ దక్షిణపు అంచు నీట మునిగింది. పల్లె చెరువు నీళ్లు చాంద్రాయణగుట్ట వైపు అల్ జుబైల్ కాలనీ మీద పడ్డాయి. నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి, బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ప్రభుత్వం బాధిత కుటుంబానికి రూ. 10 వేలు ప్రకటించింది. జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ రావడంతో నవంబర్‌లో ఆ పంపిణీ కూడా మధ్యలో ఆగింది. నాలుగేళ్లకు, 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగినప్పుడు ఖమ్మంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇదే జరిగింది. బియ్యం, బట్టలు, సర్టిఫికెట్లు బురదలో కలిసిపోయాయి.

వరద వచ్చిన ప్రతిసారీ మన చర్చంతా నష్టపరిహారం చుట్టూ తిరుగుతుంది. ఇంటి బీమా మాట రాదు. అది మధ్యతరగతి ఫ్లాట్ల వ్యవహారమని అనుకుంటాం. బీమా తీసుకున్న కొద్దిమందికి మాత్రం ఇంకో ప్రశ్న ఎదురవుతుంది: ఒకసారి క్లెయిమ్ చేశాక అదే ఇంటికి, భరించగలిగే ధరకు, మళ్లీ బీమా దొరుకుతుందా? ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. పాతబస్తీలో కూలి చేసుకుంటూ ఊళ్లో సొంత ఇల్లు ఉన్నవారికీ, వాడల్లో పనిచేసే కార్యకర్తలకూ పనికొచ్చే నియమాలను ఒకచోట పెట్టే ప్రయత్నం ఇది.

ధర నేలను బట్టి, నేల కులాన్ని బట్టి

బీమా కంపెనీ ఇంటిని మూడు కోణాల్లో చూస్తుంది: ఎక్కడ ఉంది, దేనితో కట్టారు, గతంలో ఏం నష్టం జరిగింది. ఈ లెక్కలో కులం కాలమ్ లేదు. ఆ అవసరం కూడా లేదు. ఊరి దళితవాడకు చాలాచోట్ల దక్కింది ఊరి చివర పల్లపు నేల, చెరువు కట్ట కింద, వాగు ఒడ్డున, ఊరి మురుగు పారే దారిలో. నగరానికి వచ్చిన పేదలకు దక్కింది నాలా పక్కన, చెరువు శిఖం భూమిలో. ఆ నేలను వాళ్లు కోరి ఎంచుకోలేదు. అయినా ఆ నేల తెచ్చిన ప్రమాదానికి ధర వాళ్లే కట్టాలి. వరద వస్తే క్లెయిమ్ అవుతుంది, క్లెయిమ్ వల్ల ప్రీమియం పెరుగుతుంది, పెరిగిన ప్రీమియం కట్టలేక పాలసీ పోతుంది. తర్వాతి వరదకు ఏ రక్షణా ఉండదు.

ఒకప్పుడు ఫైర్ బీమా రేట్లను టారిఫ్ అడ్వైజరీ కమిటీ నిర్ణయించేది. 2007 జనవరి 1 నుంచి ఆ టారిఫ్ పోయింది. ఇప్పుడు ఒకే ఇంటికి రెండు కంపెనీలు రెండు ధరలు చెప్పొచ్చు. ఇది మనకు నష్టం. బేరానికి అవకాశం కూడా.

ప్రామాణిక పాలసీ: భారత్ గృహ రక్ష

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫైర్ బీమా చేసే జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని అందించాలని అది ఆదేశించింది. పాలసీ మాటలు ఏ కంపెనీలోనైనా ఒకటే, ధర మాత్రం వేరు. అందులో ముఖ్యమైనవి ఇవి:

- అగ్ని, పిడుగు, తుఫాను, వరద, ముంపు, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, దురుద్దేశంతో చేసిన విధ్వంసం అన్నీ ఇందులో ఉన్నాయి.
- బీమా భవనానికే, భూమి విలువకు కాదు. ఇంటి వైశాల్యాన్ని ఇప్పటి నిర్మాణ ఖర్చుతో గుణిస్తారు. ఉదాహరణకు 400 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ. 1,800 అనుకుంటే రూ. 7,20,000.
- భవనం మొత్తంలో 20 శాతం దాకా, గరిష్ఠంగా రూ. 10 లక్షల వరకు, ఇంట్లోని మామూలు సామాన్లకు దానంతటదే రక్షణ ఉంటుంది. పై ఉదాహరణలో అది రూ. 1,44,000. బంగారం లాంటివి విడిగా చేర్చుకోవాలి.
- తక్కువ మొత్తానికి బీమా చేశారని చెప్పి క్లెయిమ్‌లో దామాషా కోత పెట్టకూడదు. బీమా మొత్తం వరకు జరిగిన నష్టం ఇవ్వాలి.
- పాలసీని పదేళ్ల వరకు ఒకేసారి తీసుకోవచ్చు.

ఇందిరమ్మ పథకం కింద రూ. 5 లక్షల సాయంతో కట్టిన ఇంటికి బీమా రూ. 5 లక్షలకే చేయాలని లేదు. తిరిగి కట్టడానికి ఎంత అవుతుందో అదే లెక్క.

గుడిసెలు, తాటాకు కప్పులు, టార్పాలిన్ పైకప్పులు ‘కచ్చా’ కిందకు వస్తాయి. అలాంటి ఇళ్లను కంపెనీలు తీసుకోకపోవచ్చు, తీసుకున్నా ఎక్కువ అడగొచ్చు. ప్రతిపాదన పత్రంలో గోడలు, పైకప్పు దేనితో కట్టారో ఉన్నది ఉన్నట్టు రాయాలి. గుడిసెను పక్కా ఇల్లని ఏజెంట్ రాసేస్తే, ఆ అబద్ధం క్లెయిమ్ రోజున కుటుంబం మెడకే చుట్టుకుంటుంది.

క్లెయిమ్ తర్వాత ఏం మారుతుంది

మొదట తెలుసుకోవాల్సింది: క్లెయిమ్ చెల్లించారని నడుస్తున్న పాలసీ ఆగిపోదు. భారత్ గృహ రక్షలో బీమా మొత్తం తిరిగి పూర్తవుతుంది. ఏడాది పాలసీలో ఆరో నెలలో వరద వచ్చి రూ. 2 లక్షలు చెల్లించారనుకుందాం. ఆ రెండు లక్షలకు, మిగిలిన ఆరు నెలలకు లెక్కగట్టిన ప్రీమియాన్ని క్లెయిమ్ డబ్బులో మినహాయించుకుని, రక్షణను మళ్లీ మొదటి స్థాయికి తేవాలి. చాలామందికి ఈ సంగతి తెలియదు, అడగరు. క్లెయిమ్ సెటిల్ అయిన రోజునే ‘బీమా మొత్తం పునరుద్ధరించినట్టు రాసివ్వండి’ అని అడగాలి.

రెండోది: వ్యక్తిగత పాలసీని కంపెనీ మధ్యలో రద్దు చేయాలంటే మోసం రుజువై ఉండాలి, కనీసం ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి. క్లెయిమ్ చేశారన్నది రద్దుకు కారణం కాదు.

మూడోది అసలు చిక్కు. గడువు ముగిశాక ధర పెంచే స్వేచ్ఛ కంపెనీకి ఉంది. ఆరోగ్య బీమాలో పాత క్లెయిమ్‌లు చూపి రెన్యువల్ నిరాకరించకూడదన్న రక్షణ ఉంది. ఇంటి బీమాలో అంత గట్టి రక్షణ లేదు. అందుకే ముంపు ప్రాంతాల్లో ఏడాది పాలసీ కంటే దీర్ఘకాల పాలసీ మేలు. మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి ధర ఖరారైతే, మధ్యలో వరద వచ్చినా ఆ గడువు దాకా అదే ఒప్పందం. ప్రీమియం ముందే మొత్తంగా కట్టాల్సి రావడం దీని కష్టం. పొదుపు సంఘంలో చిన్న అప్పు తీసుకుని కట్టగలరా, వడ్డీతో కలిపినా లాభమేనా అన్నది లెక్క వేసుకోవాలి.

భరించగలిగే ధర కోసం

ఒకటి, కనీసం మూడు కంపెనీల్లో ధర అడగండి. వాటిలో ప్రభుత్వ రంగంలోని న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, నేషనల్, ఓరియంటల్‌లలో ఒకటైనా ఉండాలి. పేరుతో సహా ‘భారత్ గృహ రక్ష’ అని అడగాలి. కంపెనీలు వేరే గృహ పాలసీలు కూడా అమ్ముతాయి. వాటిలో ధర తక్కువగా కనిపిస్తే వరద, ముంపు ఉన్నాయో లేదో ముందు చూడండి. పల్లపు ఇంటికి వరద లేని పాలసీ దండగ.

రెండు, ఇంటికి చేసిన మరమ్మతులకు రుజువు పెట్టండి. గచ్చు ఎత్తు పెంచడం, మీటర్ బోర్డు పైకి జరపడం, మట్టి గోడ స్థానంలో ఇటుక గోడ కట్టడం లాంటివి ప్రమాదాన్ని తగ్గిస్తాయి. వాటి ఫొటోలు, బిల్లులు ప్రతిపాదనతో జతచేసి ధర తగ్గించమని అడగొచ్చు.

మూడు, ప్రతి క్లెయిమ్‌లో మీరు భరించాల్సిన మొత్తం ఎంతో అడగండి. అది ఎక్కువగా ఉంటే ప్రీమియం తగ్గొచ్చు, కానీ చిన్న ముంపులకు ఏమీ రాదు.

నాలుగు, వాడ మొత్తం కలిసి వెళ్లండి. గ్రామీణ, సామాజిక రంగాల విషయంలో బీమా కంపెనీలకు చట్టబద్ధ బాధ్యతలున్నాయి. 2024 నిబంధనల్లో గ్రామ పంచాయతీని యూనిట్‌గా తీసుకున్నారు. పంచాయతీ తీర్మానంతో యాభై ఇళ్ల జాబితా పట్టుకుని వెళ్తే, ఒక్క ఇంటికి కాదన్న బ్రాంచి అంత తేలిగ్గా కాదనలేదు.

అయిదు, జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకు జీఎస్టీ తీసేశారు. ఇంటి బీమా మీద 18 శాతం అలాగే ఉంది. ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లకైనా ఈ పన్ను మినహాయించాలన్నది మన డిమాండ్లలో చేరాలి.

డబ్బు కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. 1938 బీమా చట్టం 64వీబీ ప్రకారం ప్రీమియం అందేదాకా కంపెనీ మీద బాధ్యత పడదు. చేతికి నగదు ఇచ్చి రసీదు లేకుండా రావద్దు.

పాత క్లెయిమ్ దాచొద్దు

కొత్త కంపెనీకి వెళ్లినప్పుడు గత నష్టాల గురించి అడుగుతారు. దాస్తే ధర తగ్గుతుందని కొందరు సలహా ఇస్తారు. అలా చేస్తే తర్వాతి క్లెయిమ్‌ను కొట్టేయడానికి కంపెనీ చేతికి మనమే కారణం ఇచ్చినట్టు. వరద తేదీ, అందిన మొత్తం, తర్వాత చేసిన మరమ్మతు మూడూ రాయాలి. ఊళ్లో ఇల్లు నెలల తరబడి తాళం వేసి ఉంటుందంటే అది కూడా ముందే రాసివ్వాలి. ఖాళీ ఇంటికి పాలసీలో ఏ షరతు ఉందో చదవాలి.

కాగితాలు

దళిత కుటుంబాల దగ్గర రిజిస్టర్డ్ దస్తావేజు ఉండకపోవచ్చు. పాతబస్తీలోనూ నోటరీ కాగితం మీద కొన్న ఇళ్లు ఎన్నో. ఇల్లు పోతే నష్టపోయేది తామేనని చూపించడం బీమాకు ముఖ్యం. ఇంటి స్థలం పట్టా, హౌసింగ్ మంజూరు పత్రం, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు ముందుపెట్టి, ఇవి చాలా అని ప్రతిపాదన రోజునే రాతపూర్వకంగా అడగండి. పట్టా ఇంటి ఆడవాళ్ల పేరు మీద ఉంటే పాలసీ కూడా వాళ్ల పేరు మీదే ఉండాలి. కిరాయికి ఉన్నవారు సామాన్లకు మాత్రమే బీమా తీసుకోవచ్చు.

కూల్చివేతకు లేదు, దాడికి ఉంది

ప్రభుత్వ ఆదేశంతో ఇల్లు కూల్చితే ఈ పాలసీ వర్తించదు. 2024లో మూసీ వెంట చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల కూల్చివేతలు మొదలైనప్పుడు చూసిన నష్టానికి ఏ బీమా కంపెనీ డబ్బులివ్వదు. అక్కడ దారి పునరావాసం, కోర్టు, ఉద్యమం.

కులదాడిలో ఇల్లు తగలబెడితే సంగతి వేరు. అల్లర్లు, దురుద్దేశ విధ్వంసం పాలసీలో ఉన్నాయి కాబట్టి క్లెయిమ్ చేయొచ్చు. దళితుల నివాసాన్ని నిప్పుపెట్టి నాశనం చేయడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(2)(iv) కింద జీవితఖైదు పడే నేరం. 1995 నిబంధనల ప్రకారం కాలిన ఇంటి స్థానంలో ప్రభుత్వ ఖర్చుతో ఇటుక లేదా రాతి ఇల్లు కట్టివ్వాలి. బీమా ఉంది కదా అని ఈ సహాయాన్ని అధికారులు తప్పించుకోనివ్వకూడదు. రెండింటికీ ఆధారం ఎఫ్ఐఆర్. ఇంటికీ సామాన్లకూ జరిగిన నష్టం అందులో వివరంగా ఉండాలి.

వరద విషయంలోనూ అంతే. విపత్తు సహాయ నిధి 2022–26 ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా దెబ్బతిన్న ఇంటికి రూ. 1,20,000, పాక్షికంగా దెబ్బతిన్న పక్కా ఇంటికి రూ. 6,500, కచ్చా ఇంటికి రూ. 4,000. ఈ అంకెలు చూస్తే బీమా ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. రెవెన్యూ సిబ్బంది రాసుకున్న నష్టం నివేదిక నకలు తీసుకోండి, బీమా సర్వేయర్‌కూ చూపించొచ్చు.

కంపెనీ కాదంటే

నష్టం జరిగిన వెంటనే కంపెనీకి తెలపాలి. ఫోన్ చేసినా, తర్వాత రాతలో ఉండాలి. బురద కడిగే ముందు ఫొటోలు, గోడ మీద నీటి గీత కనిపించేలా వీడియో తీయాలి. ఐఆర్‌డీఏఐ 2024 మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను కేటాయించాలి, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలి, అది అందిన 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. తెలపడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో న్యాయమైన క్లెయిమ్‌ను తోసిపుచ్చొద్దని 2011లోనే ఆ సంస్థ చెప్పింది. సర్వేయర్ నివేదికే చివరి మాట కాదని సుప్రీంకోర్టు 2009లో స్పష్టం చేసింది.

మొదట కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయాలి. బీమా భరోసా పోర్టల్‌లో గానీ, 155255 నంబర్‌లో గానీ ఫిర్యాదు నమోదు చేయొచ్చు. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. హైదరాబాద్ కార్యాలయం పరిధిలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, రూ. 50 లక్షల వరకు తీర్పు ఇవ్వొచ్చు. కంపెనీ తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. ఇంకో దారి జిల్లా వినియోగదారుల కమిషన్, దానికి గడువు రెండేళ్లు.

పాలసీ ఇవ్వబోమన్నా, ధర బాగా పెంచినా కారణం రాతలో అడగండి. ఒక వాడలో పది ఇళ్లకు అలాంటి జవాబులు వస్తే అది ఆధారం అవుతుంది. విద్యార్థులు, పరిశోధకులు చేయగల పని ఇక్కడ ఉంది: ఏ వాడకు ఏ ధర చెప్పారు, ఊరిలోని అలాంటి ఇంటికే ఎంత చెప్పారు అన్నది పక్కపక్కన పెట్టి నమోదు చేయడం.

1947లో రాసిన ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో అంబేడ్కర్ బీమా రంగం రాజ్యం చేతుల్లోనే ఉండాలని ప్రతిపాదించారు. జనరల్ ఇన్సూరెన్స్ 1973లో జాతీయమైంది, 1999 చట్టంతో మళ్లీ ప్రైవేటుకు తలుపులు తెరిచారు. ప్రమాదాన్ని అందరూ పంచుకోవడమే బీమా. పల్లపు నేలలోకి నెట్టినవాళ్లను వాళ్ల నష్టం వాళ్లే మోసుకోమంటే అది పంచుకోవడం కాదు. ప్రామాణిక పాలసీకి ప్రామాణిక ధర కూడా కావాలని, ముంపు వాడలకు ప్రీమియంలో ప్రభుత్వం వాటా భరించాలని అడగడానికి మనకు కారణాలున్నాయి. అది సాధించేదాకా, వచ్చే వానాకాలానికి ముందే మన వాడలో ఏ ఇంటికి పాలసీ ఉంది, ఏ ఇంటికి గడువు ముగుస్తోంది అన్న జాబితా మన చేతిలో ఉండాలి.