జాడ తెలియని మూగచిత్రం

1928లో అమెరికాలో పారమౌంటు సంస్థ 'ది డ్రాగ్ నెట్' అనే మూగచిత్రాన్ని విడుదల చేసినది. దర్శకుడు జోసెఫ్ ఫాన్ స్టెర్న్‌బెర్గ్. అంతకు ముందటి సంవత్సరం ఆయన తీసిన 'అండర్‌వరల్డ్' ముఠాల కథలకు ఒరవడి పెట్టినది. ఆ విజయం వెంట వచ్చిన 'డ్రాగ్ నెట్'లో జార్జి బాన్‌క్రాఫ్ట్ డిటెక్టివుగాను, విలియం పావెల్ ముఠా నాయకుడుగాను, ఎవెలిన్ బ్రెంట్ ఆ ముఠాలో ఉంటూనే డిటెక్టివుపై మనసుపడిన యువతిగాను నటించినారు. 'అండర్‌వరల్డ్'ను నేటికీ చూడవచ్చును. 'డ్రాగ్ నెట్' ప్రతి మాత్రం ఎక్కడా ఉన్నట్లు తెలియదు. కొన్ని ఛాయాచిత్రాలు, ఆనాటి పత్రికల విమర్శలు మాత్రమే మిగిలినవి.

ఇది ఒక్క చిత్రానికి పట్టిన గతి కాదు. 1912–1929 మధ్య అమెరికాలో సుమారు 11,000 పూర్తి నిడివి మూగచిత్రాలు విడుదలైనవి. వాటిలో తొలి రూపంలో పూర్తిగా దక్కినవి 14 శాతమేనని 2013లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం ప్రకటించినది.

ఇందుకు మొదటి కారణం ఉపేక్ష. టాకీలు రాగానే మూగచిత్రాలకు గిరాకీ పోయినది. ఫిల్ముపై బొమ్మ వెండి రేణువులతో ఏర్పడుతుంది. కనుక ఆ వెండి కొరకు ఎన్నో ప్రతులను నాశనం చేసినారు.

రెండవ కారణం రసాయనికం. దూదిలోని సెల్యులోజుపై నత్రికామ్ల, గంధకికామ్లాల మిశ్రమం చర్య జరిపితే సెల్యులోజ్ నైట్రేటు ఏర్పడుతుంది. దానికి కర్పూరం చేర్చి పారదర్శకమైన ఫిల్ము తయారుచేసేవారు. ఈ పదార్థానికి నిలకడ తక్కువ. అది మెల్లగా విచ్ఛేదనం చెంది నత్రజని ఆక్సైడులను వెలువరిస్తుంది. అవి తేమతో కలిసి ఆమ్లమవుతాయి. ఆ ఆమ్లం తిరిగి విచ్ఛేదనాన్ని త్వరపరుస్తుంది. అనగా చెడిన కొద్దీ చెడే వేగం పెరుగుతుంది! బొమ్మ వెలిసిపోతుంది, చుట్టలు అంటుకొనిపోతాయి, చివరకు గోధుమరంగు పొడి మిగులుతుంది.

నిప్పు మరొక శత్రువు. అణువులలోనే ఆక్సిజను ఉన్నందున ఈ ఫిల్ము నీటిలో ముంచినా మండుతుంది. 1937 జూలైలో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో గిడ్డంగి తగులబడి, ఫాక్స్ సంస్థవారి మూగచిత్రాలలో అధికభాగం బూడిదైనవి. మన పుణెలో కూడ 2003లో ఎన్నో నైట్రేటు ఫిల్ములు దగ్ధమైనవి. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌ల 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) కూడ నేడు మనకు లేదు.

అయినా ఆశ పూర్తిగా వదలుకొనరాదు. పోయినదనుకొన్న 'మెట్రోపాలిస్' (1927) భాగాలు 2008లో బ్యూనస్ ఎయిరిస్‌లో దొరికినవి. చల్లదనం, పొడిదనం విచ్ఛేదనాన్ని మందగింపజేస్తాయి. ఆ వ్యవధిలో కొత్త ప్రతి తీసుకొనవచ్చును. అందుచేత పాత ఫిల్ము డబ్బా కనబడితే దానిని నిప్పుకు, వేడికి దూరంగా ఉంచి, తెలిసినవారికి వెంటనే చూపవలెను. పెట్టెలోని ఆమ్లం మన తీరికకై ఆగదు.