గాట్‌ఫ్రీడ్ సెంపర్ బీరువా: అనుకరణకూ రూపాంతరానికీ నడుమ

పంతొమ్మిదవ శతాబ్దపు యూరప్ గృహోపకరణాలలో పునరుజ్జీవన శైలి ఒక ప్రధాన ధోరణి. పదిహేను, పదహారు శతాబ్దాల ఇటలీ భవనాలలోని స్తంభాలు, తోరణాలు, లతాలంకారాలు ఆ కాలపు బీరువాలపైనా పుస్తకాల అల్మరాలపైనా చోటు చేసుకున్నాయి. దీనిని అరువు తెచ్చుకున్న అలంకారంగా కొట్టిపారేయడం సులభం. అయితే 1855 పారిస్ ప్రదర్శన కోసం గాట్‌ఫ్రీడ్ సెంపర్ రూపకల్పన చేయగా, లండన్‌కు చెందిన హాలండ్ అండ్ సన్స్ సంస్థ తయారుచేసిన బీరువా ఆ తీర్పును పునఃపరిశీలింపజేస్తుంది. అలంకారం మితిమీరడాన్ని తీవ్రంగా విమర్శించినవాడే ఇంతటి అలంకృత వస్తువును ఎందుకు రూపొందించాడన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్న.

1803లో హాంబర్గ్‌లో జన్మించిన సెంపర్ వృత్తిరీత్యా వాస్తుశిల్పి. 1834 నుండి డ్రెస్డెన్ కళా అకాడమీలో ఆచార్యుడు. 1841లో ప్రారంభమైన డ్రెస్డెన్ రాజాస్థాన నాటకశాల ద్వారా పునరుజ్జీవన శైలికి జర్మన్ ప్రాంతాలలో కొత్త ప్రతిష్ఠ తెచ్చాడు. 1849 మే తిరుగుబాటులో పాల్గొని, అది విఫలం కాగా దేశం విడిచి, పారిస్ మీదుగా లండన్ చేరాడు.

1851 నాటి లండన్ మహా ప్రదర్శనలో కెనడా, టర్కీ, స్వీడన్, డెన్మార్క్ తదితర దేశాల విభాగాలను అమర్చే పని అతనికి దక్కింది. ఆ అనుభవమే 1852లో ప్రచురితమైన ‘విజ్ఞానం, పరిశ్రమ, కళ’ అనే అతని జర్మన్ గ్రంథానికి మూలం. యంత్రం కఠినశిలను సైతం సుద్దముక్కలా కోస్తుంది. రబ్బరు వంటి కొత్త పదార్థాలు కొయ్యచెక్కడాన్నీ లోహపు పోతనూ చౌకగా అనుకరిస్తాయి. శ్రమ విలువ తగ్గినకొద్దీ అలంకారానికి అర్థం కూడా తగ్గుతుందని, సాధన సమృద్ధియే కళకు ప్రమాదమని అతని వాదం. ప్రదర్శనలోని భారతీయ హస్తకళలలో యూరప్ కోల్పోయిన రూపనిగ్రహాన్ని అతడు గుర్తించాడు.

ఇట్టి విమర్శకుని బీరువా నల్లచేవ గల ఎబొనీ కలపతో, బంగారు పూత పూసిన లోహపు అమరికలతో తయారైంది. దాని నడుమ ఒక చిత్రిత పింగాణీ ఫలకం ఉంది. పైకి ఇది స్వవచో వ్యాఘాతంగా తోస్తుంది. కానీ 1852 నుండి సెంపర్ లండన్‌లోని ప్రభుత్వ కళాశిక్షణ విభాగంలో లోహకళను బోధించాడన్న విషయం గమనార్హం. కొయ్య, లోహం, మట్టి అనే మూడు పదార్థాల పనితనం ఒకే నిర్మాణంలో కలిసినా, ఏదీ మరొకటిగా నటించడం లేదు. కొయ్య ఆకృతిని నిలుపుతుంది. లోహం సంధులనూ అంచులనూ స్పష్టపరుస్తుంది. పింగాణీ వర్ణానికి ఆధారమవుతుంది.

తరువాత 1860, 1863లలో రెండు సంపుటాలుగా వెలువడిన ‘శైలి’ గ్రంథంలో ఈ ఆలోచనను అతడు సిద్ధాంతీకరించాడు. ఒక పదార్థంలో పుట్టిన రూపం మరొక పదార్థంలోకి ప్రవేశించినపుడు తన జ్ఞాపకాన్ని నిలుపుకొంటూనే కొత్త పదార్థ ధర్మానికి లోబడాలి. ఇది రూపాంతరం. ఆ ధర్మాన్ని దాచిపెడితే అది అనుకరణ. రాతిభవనపు రూపాలు కొయ్యలోకి రావడం ఈ దృష్టిలో దోషం కాదు.

అయినా బీరువాలో ఈ సూత్రం సంపూర్ణంగా నెరవేరిందని చెప్పలేము. నడుమనున్న పింగాణీ ఫలకం విలియం మల్‌రెడీ గీసిన ‘క్రాసింగ్ ది ఫోర్డ్’ అనే తైలవర్ణ చిత్రానికి నకలు. తైలవర్ణంలో పుట్టిన దృశ్యం పింగాణీపైకి వచ్చినా, పింగాణీకి తగిన మార్పును పొందలేదు. సెంపర్ ఖండించిన ధోరణియే అతని కృతి మధ్యభాగంలో నిలిచింది. ప్రదర్శనకు వెళ్లే వస్తువు తయారీదారు నైపుణ్యాన్నీ ప్రేక్షకుల అభిరుచినీ కూడా తృప్తిపరచవలసి ఉండటం ఇందుకు కారణం కావచ్చు.

1855లోనే సెంపర్ జ్యూరిక్‌లో ఆచార్య పదవి స్వీకరించి లండన్ విడిచాడు. బీరువా మాత్రం నేడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. సిద్ధాంతకర్త కృతిని అతని సిద్ధాంతానికి ఉదాహరణగా మాత్రమే చదవరాదని ఇది తెలుపుతుంది. సిద్ధాంతం ఎక్కడ నిలిచిందో, ఎక్కడ కాలానికి లొంగిందో రెండూ చూపడమే ఈ బీరువాకున్న చారిత్రక విలువ.