వేషమును వరుసయు తామే కట్టినవారు

తెలుగునాట నాటకసమాజములు ఊరూర వెలసి, కాంట్రాక్టరులు నలుమూలల పట్టణములనుండి పేరుగల నటులను ఒక్క రాత్రి ఒక్క రంగస్థలముమీదికి చేర్చుచుండిన కాలమున, నటుడగుటకు మొదటి అర్హత రూపము కాదు, వాచికమును కాదు, గాత్రము. పాడలేనివానికి వేషము లేదు. పద్యమును రాగముతో పొడిగించి, ప్రేక్షకులు 'వన్స్ మోర్' అని కేకలు వేసిన కొలదిని మరల మరల పాడి, తెల్లవారుజామువరకు గొంతు నిలుపుకొనగలిగినవాడే నటుడనిపించుకొనెడివాడు. ఆ శిక్షణ బాల్యమునందే మొదలు కావలెను. 1885లో కడప మండలమునందలి సురభి గ్రామమున 'కీచకవధ'తో వనారస గోవిందరావుగారు ఆరంభించిన సమాజములో కుటుంబములకు కుటుంబములే నటులగుటచేత, అచ్చటి పిల్లలకు నాటకమే బడి. లోహితాస్యుడై ఏడ్చి, ప్రహ్లాదుడై పాడి, బాలకృష్ణుడై వెన్న దొంగిలించి, వారు యౌవనమున అడుగు పెట్టునప్పటికి రాగములును రంగస్థలపు మర్మములును కంఠగతములై యుండెడివి.

అయితే నేనిచట చెప్పదలచినది బాలనటుల ముచ్చట మాత్రమే కాదు. నూనూగు మీసముల వయసుననే వేషము కట్టి, పిదప ఆ వేషములకు కావలసిన పాటలను సైతము తామే కట్టుకొన్నవారి కథ ఇది. తాను రంగమున నిలిచి పాడి ఎరిగినవాడు కట్టిన పాటకు ఒక విశేషగుణము కలదని నా దృఢవిశ్వాసము. ఊపిరి తీయవలసిన తావు, చూపు మరల్చవలసిన తావు, మౌనము వహింపవలసిన తావు దానికి పుట్టుకతోనే తెలియును.

ఇందుకు స్థానం నరసింహారావుగారిని మించిన నిదర్శనము లేదు. వారు 1902లో బాపట్లలో జన్మించిరి. 1920లో ఆ ఊరనే హరిశ్చంద్ర నాటకము ఆడనున్న రాత్రి చంద్రమతి వేషధారి రాకపోగా, ముఖమునకు రంగు పూసికొని ఆ పాత్రలో నిలిచిన యువకునికి 18 ఏండ్లు నిండీ నిండని ప్రాయము. ఆ రాత్రి మొదలైన స్త్రీపాత్రల పరంపర తెనాలి రామవిలాస సభలో వికసించి, చిత్రాంగి, రోషనార, దేవదేవి, మధురవాణిగా ఆంధ్రదేశమును ముగ్ధమొనర్చినది. ముత్తరాజు సుబ్బారావుగారి 'శ్రీకృష్ణ తులాభారము'న సత్యభామ వేషము ధరించినపుడు, ఆమె అతిశయమునకును అనురాగమునకును తగిన పాట యొకటి కావలెనని తోచి, 'మీరజాలగలడా' అను గీతమును ఆయనయే రచించుకొనెను. భర్త తన మాట దాటలేడన్న ధీమా దాని యందలి విషయము. పలుకులు స్వల్పము, అవి మరలి మరలి వచ్చును. వచ్చిన ప్రతిసారియు ఒక కొత్త భావమును ముఖమున పలికించుటకు నటునికి అవకాశమిచ్చును. ఒకే పల్లవిని ఎన్ని తీరుల అభినయింపవచ్చునో ఆయన చూపించుచుండగా జనులు రెప్పవాల్పక చూచిరి. కవి యొక్కడే కూర్చుండి వ్రాసినచో ఆ పాట అంత ఖాళీని తనలో ఉంచుకొనగలిగెడిది కాదు. 1966లో తులాభారకథ చలనచిత్రమై వచ్చినపుడును ఆ గీతమును మార్చుటకు ఎవరికిని మనసొప్పలేదు. సుశీలగారు పాడగా జమునగారు అభినయించిరి.

నాటకమునుండి టాకీకి ఈ సంప్రదాయమును మోసికొనిపోయిన పిల్లలలో అగ్రగణ్యుడు సాలూరి రాజేశ్వరరావు. 1922 అక్టోబరు 11న సాలూరు చెంతనున్న శివరామపురమున జన్మించిన ఈ బాలునికి తండ్రి సన్యాసిరాజుగారే తొలి గురువు. ఆయన మార్దంగికుడు, గేయకర్త. గ్రామఫోను రికార్డులు విని పాటలు పట్టుకొను బాలుని నేర్పు క్రమముగా నలుగురి చెవిని పడి, 1935లో వేల్ పిక్చర్సువారి 'శ్రీకృష్ణ లీలలు'లో కృష్ణవేషము ఆయనకు లభించినది. కంసుడు వేమూరి గగ్గయ్యగారు. సింహగర్జనమువంటి ఆ కంఠమునకెదురుగా 12 ఏండ్ల బాలుడు నిలిచి పాడుటయే ఒక సాహసము.

నాటి చిత్రీకరణము ఎట్టిదో తలచుకొన్న ఆ సాహసము మరింత తెలియును. పాటను ముందుగా ముద్రించి, పిమ్మట పెదవులు కదల్చు పద్ధతి మనకింకను అలవడలేదు. కన్ను మిరుమిట్లు గొలుపు దీపముల వేడిమిలో, కిరీటము జారకుండ, శ్రుతి జారకుండ, తలపై వ్రేలాడు మైకునకు దూరము కాకుండ, కెమెరా గీచిన హద్దు దాటకుండ బాలుడు పాడవలెను. హార్మోనియము, తబలా వాయించువారు చెట్టుచాటుననో, అట్టగోడ వెనుకనో, కెమెరా ప్రక్కనో కూర్చుండి వాయింపవలెను. ఎవరు తప్పినను పాట మొదటికి వచ్చును. పాటయందలి ఏ మలుపు నటుని నిలువరించునో, ఏ మలుపు నడిపించునో ఆ పిల్లవాడు తన దేహముతో నేర్చుకొనెను. మరుసటి సంవత్సరమున శాంతకుమారి శశిరేఖగా వచ్చిన 'మాయాబజారు'లో ఆయన అభిమన్యుడు.

పిదప కలకత్తా. అచ్చటి న్యూ థియేటర్సు సంస్థ 1935లోనే, రాయ్‌చంద్ బోరాల్ సంగీతదర్శకత్వమున, పాటను విడిగా ముద్రించు విధానమునకు ద్వారము తెరచియుండెను. పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి సన్నిధిని రాజేశ్వరరావు గ్రహించినది హిందూస్థానీ రాగములను మాత్రమే కాదు. మైకునకు చేరువగా, మెల్లగా, తనలో తాను పాడుకొనునట్లు పాడు రీతిని. మైకు లేని రంగస్థలమున కడపటి వరుసవానికి వినబడునట్లు పాడుట మన నటులకు విధి. ఇచ్చటనో, గుసగుస సైతము గానము కాగలదు. లలితగీతములుగా మనమెరిగిన ఆయన రికార్డులలోని మార్దవమునకు మూలమిదియే యని నేను తలతును.

మద్రాసునకు మరలివచ్చి, 1940లో గూడవల్లి రామబ్రహ్మముగారి 'ఇల్లాలు'లో తాను నటించి, రావు బాలసరస్వతితో గొంతు కలిపి పాడి, వరుసలను తానే కట్టినాడు. వయసు 18 దాటలేదు. కాని ఆ మూడు పనులు ఒక్కనిలో కలిసి యుండు యుగము అప్పుడే అస్తమింపనారంభించినది. నేపథ్యగానము వచ్చినకొలది, పాడలేని సుందరాంగునికి తెర దొరకినది, తెరకు తగని గాయకునికి గొంతు విలువ హెచ్చినది; ఇది ఎందరికో మేలు చేసినదన్న మాట నిజమే. అయినను వేషము వేసి పాట నేర్చు పాఠశాల మూతపడుట చిన్న నష్టము కాదు.

రాజేశ్వరరావు నటన చాలించి జెమినీ సంస్థలో చేరి, 1942 నాటి 'బాలనాగమ్మ'కు సంగీతము సమకూర్చెను. 1939లో 'వరవిక్రయము'న కాళింది పాత్ర ధరించి తన పాటలు తానే పాడిన 13 ఏండ్ల భానుమతి మాత్రము, నేపథ్యగానము పాతుకొన్న పిదపను తన గొంతును పరులకు విడువలేదు. పైగా కలమును చేపట్టి కథలు వ్రాసెను. 1951లో 'మల్లీశ్వరి'కి కృష్ణశాస్త్రిగారి సాహిత్యమునకు రాజేశ్వరరావు వరుసలు కట్టగా, నాగరాజుగా నటించిన రామారావుగారికి ఘంటసాల గొంతునిచ్చిరి. మల్లీశ్వరికి భానుమతియే పాడుకొనెను.