భామాకలాపం: జడతో పాటు నవ్వునూ నిలపాలి

కూచిపూడి సంప్రదాయంలో ప్రేక్షకులను అధికంగా నవ్వించిన రూపకం భామాకలాపం. ఒకప్పుడు రాత్రంతా సాగిన ఈ ప్రదర్శన నేడు అనేక వేదికలపై సత్యభామ ప్రవేశ దరువుకే పరిమితమవుతోంది. నాట్యం నిలిచింది; సంభాషణ, దానితో పాటు హాస్యం తగ్గిపోయాయి. తెలుగు నేలకు దూరంగా, జంషెడ్‌పూర్‌లోని టెల్కో కాలనీ వంటి చోట్ల ఈ లోటు మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కథ చిన్నది, కయ్యం పెద్దది

భామాకలాప కర్తగా సిద్ధేంద్ర యోగి ప్రసిద్ధుడు. ఆయన 17వ శతాబ్దానికి చెందినవాడని పలువురి అభిప్రాయం. కథ క్లుప్తమైనది. అందంలో తనకు సాటి లేదన్న గర్వంతో సత్యభామ శ్రీకృష్ణునితో వాదులాడుతుంది. ఆయన అలిగి వెళ్లిపోతాడు. విరహంతో వేగిపోయిన సత్యభామ చెలికత్తె మాధవిని రాయబారం పంపుతుంది.

సత్యభామ తెర వెనుక నుంచి తన పొడవాటి జడను తెరపైకి వేయడం ఈ రూపకానికి గుర్తుగా నిలిచింది. అది అలంకారం మాత్రమే కాదు, తన విద్యకు సాటివచ్చే వారెవరంటూ సభకు విసిరే సవాలు కూడా.

మాధవి ఎవరు?

హాస్యానికి ఆయువుపట్టు మాధవి పాత్ర. సంప్రదాయ ప్రదర్శనలో సూత్రధారుడే సత్యభామ ఎదుట మాధవిగా, కృష్ణుని ఎదుట మాధవుడిగా మారుతాడు. వేషం పెద్దగా మార్చడు. మాట తీరు, నడక మారితే చాలు, ప్రేక్షకులు పోల్చుకుంటారు.

భర్త పేరు పలకరాదన్నది నాటి ఆచారం. పేరు చెప్పనిదే కబురు మోసేది లేదని మాధవి పట్టుబడుతుంది. సత్యభామ సిగ్గుతో ఒక్కొక్క గుర్తూ చెబుతూ ఉంటే, మాధవి అర్థం కానట్టు నటిస్తుంది. రాయబారానికి ప్రతిఫలంగా నగలు అడుగుతుంది. అన్నీ ఇచ్చినా ముక్కుపుడక ఇవ్వడానికి మాత్రం సత్యభామ మనసు ఒప్పుకోదు. మహారాణి గర్వం ఈ బేరసారాల్లోనే మెట్టుమెట్టుగా దిగివస్తుంది. ఈ సంభాషణలో కొంత భాగాన్ని నటులు ఆ సభను బట్టి, ఆ ఊరిని బట్టి అప్పటికప్పుడు అల్లుకునేవారు.

వీధి నుంచి రంగస్థలానికి

కూచిపూడి భాగవతుల మేళాల్లో స్త్రీ పాత్రలనూ పురుషులే ధరించేవారు. సత్యభామగా దేశమంతటా పేరు పొందిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో పద్మశ్రీ లభించింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి స్త్రీలకు ఈ విద్యను నేర్పి కొత్త దారి తెరిచారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి, పాత కథలను ఆధునిక రంగస్థలానికి అనువైన నృత్యనాటకాలుగా మలిచారు. ఆయన శిష్యురాలు శోభానాయుడు సత్యభామ పాత్రకు విశేష ఖ్యాతి తెచ్చారు.

ఈ కథకు కళావంతుల సంప్రదాయమూ ఉంది. దేవదాసీ వ్యవస్థను నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టం తరువాత ఆ కళాకారిణులకు వేదికలు దాదాపు మూసుకుపోయాయి. పిఠాపురంలో తొమ్మిది రాత్రులు సాగిన నవజనార్దన పారిజాతానికి నటరాజ రామకృష్ణ మళ్లీ ప్రాణం పోశారు. ఆయన శిష్యుడు కళాకృష్ణ అందులో సత్యభామగా పేరొందారు.

ఈ కృషితో రూపకం నిలిచింది. అయితే ఏకపాత్ర నృత్యానికి ఆదరణ పెరిగినకొద్దీ మాధవి వెనుకబడింది.

టెల్కో కాలనీ ఎదుట ఉన్న ప్రశ్న

రైలు ఇంజన్ల తయారీకి 1945లో ఏర్పడి, 1954లో లారీల తయారీ చేపట్టిన టెల్కో సంస్థే నేటి టాటా మోటార్స్. దాని ఉద్యోగుల కోసం వెలసినదే టెల్కో కాలనీ. ఉక్కు, మోటారు కర్మాగారాల్లో కొలువుల కోసం జంషెడ్‌పూర్‌కు వచ్చిన తెలుగు కుటుంబాల్లో ఉత్తరాంధ్ర వారు అనేకులు. వారి మనుమలు ఇంట్లో తెలుగు వింటారు, బడిలో హిందీ, ఆంగ్లం చదువుతారు.

ఈ నగరానికి పొరుగునే ఉన్న సరాయికేలా ఛౌ నృత్యంలో ముఖానికి మాస్కు ఉంటుంది, నటుడికి మాట ఉండదు. అందువల్ల ఏ భాష వారైనా దానిని ఆస్వాదించగలరు. భామాకలాపానికి ఆ వెసులుబాటు లేదు. మాధవి చమత్కారం అర్థం కాకపోతే మిగిలేది ఆభరణాలు, అభినయం మాత్రమే.

దీనికి పరిష్కార మార్గం సంప్రదాయంలోనే ఉంది. దరువుల సాహిత్యాన్ని యథాతథంగా ఉంచి, సంభాషణను సభకు తగినట్టు మార్చుకునే స్వేచ్ఛ మాధవికి ఎప్పుడూ ఉంది. కాలనీ పిల్లలకు తెలిసిన హిందీలో మాధవి ఒక ప్రశ్న వేసి, సత్యభామ తెలుగులో బదులిస్తే రెండు భాషల మధ్యే కొత్త హాస్యం పుడుతుంది. గంటన్నర నిడివికి కుదించేటప్పుడు పునరావృతమయ్యే చరణాలను తగ్గించి, పేరు చెప్పించే ఘట్టాన్ని, ముక్కుపుడక బేరాన్ని పూర్తిగా ఉంచవచ్చు. హిందీ పాలు మితిమీరితే తెలుగే పక్కకు తప్పుకునే ప్రమాదమూ ఉంది. అందుకే హిందీ మాట తెలుగు మాటకు దారి చూపాలే తప్ప దాని చోటు ఆక్రమించకూడదు.

సత్యభామ జడ ఏ వేదికపైనైనా చప్పట్లు అందుకుంటుంది. మూడవ తరం ప్రవాస బాలిక మాధవి మాటకు తెలుగులోనే నవ్వగలిగిన నాడు భామాకలాప పునరుద్ధరణ సంపూర్ణమవుతుంది.